మెడాక్ వైన్ వగరుగా ఉంది, పాడైపోయిందా?

ప్రశ్న:
మా బావగారు ఫ్రాన్స్ నుంచి వస్తూ ఒక రెడ్ వైన్ తెచ్చారు. లేబుల్ మీద మెడాక్, 2018 అని ఉంది. రెండు వారాలు హాల్లో అల్మారాలో ఉంచి నిన్న రాత్రి తెరిచాం. ఒక్క గుక్కకే నాలుక, చిగుళ్లు పట్టేశాయి. పచ్చి వక్క నమిలినంత వగరు. పైగా గొంతులో మంట. అంత ఖర్చుపెట్టి తెచ్చింది పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. మిగిలిన ముప్పాతిక బాటిల్ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. పారబోయమంటారా?

జవాబు:
వద్దండీ, పారబోయకండి. ముందు వాసన చూడండి. పాడైన వైన్ తడిసి ముక్కిన అట్టపెట్టె వాసన వేస్తుంది, లేదా వెనిగర్‌లా ఘాటుగా ఉంటుంది. ఆ రెండూ లేకపోతే భయం లేదు. మీకు తగిలిన వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగే టానిన్ అనే పదార్థానిది. టీ ఎక్కువసేపు మరిగితే వచ్చే వగరు కూడా ఈ జాతిదే.

మెడాక్ అంటే బోర్డో నగరానికి ఉత్తరాన, జిరోండ్ నదీముఖానికి ఎడమ గట్టు. అక్కడ చాలా చోట్ల గులకరాళ్ల నేల. నీరు నిలవదు, పగటి వేడిని రాళ్లు దాచుకుంటాయి. ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యాన్ అనే ద్రాక్ష రకానికి అలాంటి నేలే కావాలి. ఈ వైన్‌కి పట్టు, వగరు ఎక్కువగా దాని నుంచే. అదొక్కటే అయితే బిగుసుకున్నట్టు ఉంటుందని ముందుగా పండే మెర్లో కలుపుతారు, మెత్తదనం దానిది. వాతావరణం ఒకదాన్ని దెబ్బతీస్తే రెండోది ఆదుకుంటుంది కూడా. ఒక్కోసారి కాబర్నే ఫ్రాంక్, పెటి వెర్డో అనే ద్రాక్షలు కూడా కొద్దిగా చేరతాయి. ఆ వగరు తీసేస్తే మెడాక్‌కి వెన్నెముకే ఉండదని నా అభిప్రాయం.

మంటకి కారణం మీ హాల్లో వేడి అయ్యుంటుంది. రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్న మాట యూరప్ చల్లటి ఇళ్లలో పుట్టింది. 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. మన ఎండాకాలపు వేడిలో ఆల్కహాలే ముందు ముక్కుకి కొడుతుంది.

ఇవాళ ఫ్రిజ్‌లోంచి తీసి ఓ ఇరవై నిమిషాలు బయట ఉంచండి. వెడల్పు గ్లాసులో మూడో వంతే పోయండి. కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి ఇంకోసారి వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని మింగే ముందు నోరంతా తిప్పండి.

ప్రశ్న:
థాంక్సండీ. పక్కన మటన్ వేపుడు పెట్టుకోవచ్చా?

జవాబు:
కారం వేసింది వద్దు, మంట రెట్టింపవుతుంది. ఉప్పు, కాస్త మిరియాల పొడి రాసి కాల్చిన మటన్ బాగుంటుంది. మాంసంలోని ప్రోటీన్ టానిన్‌ని పట్టుకుంటుంది, నాలుక మీద వగరు తగ్గుతుంది. ముక్క తినకముందు ఒక గుక్క, తిన్నాక ఒక గుక్క తాగి చూడండి.

ప్రశ్న:
ఇప్పుడే తాగాం. మొదట నేరేడు పండులాంటి వాసన, గ్లాసు తిప్పాక పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన! ముక్క తిన్నాక వగరు సగానికి సగం తగ్గింది. మా ఆవిడకీ నచ్చింది.

జవాబు:
చాలా సంతోషం. ఆ పెన్సిల్ చెక్క వాసన మెడాక్ ఇష్టపడేవాళ్లు వెతుక్కునేదే. మిగిలింది రేపటికల్లా పూర్తి చేసేయండి. అడుగున మడ్డి కనిపిస్తే ఆ చివరి కాస్త మాత్రం వదిలేయండి.