కల్యాణదుర్గం దగ్గర బోరు నీళ్లు: మీటర్‌లో 900 వచ్చింది, పాపకు వాడొచ్చా?

బాడుగిల్లు_కల్యాణదుర్గం:
కొళాయి వచ్చిన రోజు సరే, రాని రోజు మాకు బోరే దిక్కు. నీళ్లు తియ్యగానే ఉంటాయి, కందిపప్పు కూడా మెత్తగా ఉడుకుతుంది. మొన్న ఫిల్టర్లు అమ్మే అతను వచ్చి గ్లాసులో మీటర్ ముంచి 900 చూపించి, ఇవి విషం అనేసి పోయాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా పెద్దోడికి ఏడేళ్లు, కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్ల చారలున్నాయి. నాలుగు నెలల పాపకు డబ్బా పాలు పడుతున్నాం, మా అత్తమ్మ ఆ నీళ్లనే బాగా మరగబెట్టి ఇస్తుంది. మరగబెడితే చాలు కదా?

నీళ్లపరీక్ష_అనంతపురం:
అక్కా, ముందు ఆ 900 సంగతి వదిలేయ్. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో ఒక అంచనా చెప్తుందంతే, అందులో ఏది ఎంతో చెప్పదు. ఆ మొత్తాన్నే టీడీఎస్ అంటారు. మన దేశ ప్రమాణాల్లో అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకుంటే 2000 దాకా ఒప్పుకుంటారు. 900 చూసి విషం అనడం తప్పు, 300 వచ్చిందని నిశ్చింతగా ఉండటం ఇంకా పెద్ద తప్పు.

మన జిల్లాలో అసలు చూడాల్సింది ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5. మన కింద ఉన్న గ్రానైటు రాయిలోంచే అది నీళ్లలోకి దిగుతుంది. రంగు, రుచి, వాసన ఏమీ ఉండవు. పప్పు బాగా ఉడుకుతుందన్నావే, అంటే కాల్షియం తక్కువున్న నీళ్లు కావచ్చు. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ను కొంతవరకు పట్టి ఉంచుతుంది, తక్కువుంటే అది నీళ్లలోనే మిగిలిపోతుంది. బిందెకు తెల్లగా పొర కట్టే చౌడు నీళ్లను తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు భయపడాల్సింది ఈ తియ్యటి నీళ్లకే.

బాబు పళ్లు ఒకసారి దంతవైద్యుడికి చూపించు, తెల్ల చారలకు వేరే కారణాలు కూడా ఉంటాయి. ఫ్లోరైడే అయితే వచ్చిన చారలు నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. కానీ ఎనిమిదేళ్ల దాకా లోపల పళ్లు తయారవుతూనే ఉంటాయి కాబట్టి ఇప్పుడు మార్చినా మేలే. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి.

మరగబెడితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది.

కడప_నుంచి:
పాప ఉందన్నారు కాబట్టి నైట్రేట్ కూడా చూపించండమ్మా. బోరు పక్కన సెప్టిక్ ట్యాంకు గానీ, ఎరువులు ఎక్కువేసే పొలాలు గానీ ఉంటే అది దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరు నెలల లోపు పిల్లలకు రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. పెదాలు, గోళ్లు నీలంగా కనిపిస్తే క్షణం ఆగొద్దు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఇది కూడా మరగబెడితే పోయేది కాదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పాప పాలకు ఆ బోరు నీళ్లు ఆపేయండి.

బాడుగిల్లు_కల్యాణదుర్గం:
చాలా థాంక్స్. మా ఇంటి బోరుకు సెప్టిక్ ట్యాంకు పక్కనే ఉంది, అడుగుల దూరంలో! ఈ పూట నుంచే ఆపేస్తున్నాం. పరీక్ష ఎక్కడ చేస్తారు? పటిక తిప్పితే ఫ్లోరైడ్ పోతుందని పక్కింటివాళ్లు అంటున్నారు. వంటకు, స్నానానికి ఏం చేయాలి?

నీళ్లపరీక్ష_అనంతపురం:
గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చేస్తారు, సచివాలయంలో అడిగితే దారి చెప్తారు. బోరు కాసేపు వదిలి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో తొలిచి నింపు. ఫ్లోరైడ్, నైట్రేట్ చూడాలని పేరు పెట్టి అడుగు. క్రిముల పరీక్షకు సీసా వాళ్లే ఇస్తారు, మనింటి సీసా పనికిరాదు.

పటిక ఊరికే తిప్పితే మురికి అడుక్కి దిగుతుందంతే. ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిలో పటికతో పాటు సున్నం కూడా నీళ్లను బట్టి కొలిచి వేస్తారు, ఇంట్లో చేతి అంచనాకు వద్దు. ఫ్లోరైడ్, నైట్రేట్ రెండూ ఉంటే ఆర్వో దారి. కొవ్వొత్తి ఫిల్టర్, యూవీ వీటిని తీయవు. ఒక్క జాగ్రత్త, రుచి కోసం ఆర్వో మిషన్‌లో టీడీఎస్ పెంచే మర తిప్పుతారు, అది బోరు నీళ్లనే మళ్లీ కలుపుతుంది. దాన్ని మూసేయమని చెప్పు. పాపకైతే ఆర్వో నీళ్లను కూడా మరగబెట్టి చల్లార్చే వాడు.

అన్నం, పప్పు నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టి వంటకూ మంచి నీళ్లే. స్నానానికి, బట్టలకు బోరు వాడుకో, ఏమీ కాదు.