వరదలో పురుడొస్తే: కాన్పు కిట్లు ఎన్ని, ఏమేం పెట్టాలి?

సింగ్‌నగర్ కుర్రాడు:
2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగుకు గండ్లు పడి మా వైపు ఎన్ని రోజులు నీళ్లలో ఉన్నామో అందరికీ తెలిసిందే. ఈ వానాకాలానికి మా కాలనీ బృందం కాన్పు కిట్లు సిద్ధం చేద్దామనుకుంటోంది. జనాభా సుమారు పది వేలు. యాభై సరిపోతాయా? రక్తం ఆగే మాత్రలు కూడా పెట్టొచ్చా?

లేబర్‌రూమ్ సిస్టర్:
యాభై ఎందుకు బాబూ? మన రాష్ట్రంలో వెయ్యి మందికి ఏడాదికి సుమారు 16 కాన్పులు. పది వేలకు 160, అంటే వారానికి మూడు. తడిసేవీ పోయేవీ కలుపుకున్నా పది చాలు.

ఒక్కోదాంట్లో: మీటరు పొడవు, మీటరు వెడల్పు ప్లాస్టిక్ షీటు, సబ్బు, సీలు తీయని కొత్త బ్లేడు, గ్లవ్స్ రెండు జతలు, బొడ్డు కట్టడానికి శుభ్రమైన దారాలు మూడు (రెండే కావాలి, ఒకటి కింద పడుతుంది), ఉతికి ఎండలో ఆరేసిన నూలు గుడ్డలు రెండు, ప్యాడ్లు, టార్చి. అన్నీ జిప్ కవర్లో, దాన్ని మళ్లీ ఇంకో కవర్లో.

కిట్ ఉన్నా తప్పు జరిగేది బొడ్డు దగ్గరే. బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి ఇద్దరి మీదా గుడ్డ కప్పండి. ఒకట్రెండు నిమిషాలు ఆగి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక, బిడ్డ పొట్టకు 2 సెంటీమీటర్ల దూరంలో ఒక ముడి, 5 దగ్గర ఇంకో ముడి, మధ్యలో కోత. దాని మీద పసుపు, బూడిద, ఆముదం ఏదీ రాయొద్దు. మాయ రాలేదని తాడు లాగొద్దు, గర్భసంచి తిరగబడి బయటికి రావచ్చు. మొదటి రోజు స్నానం వద్దు. అమ్మమ్మలు ఒప్పుకోరు, మీరే గట్టిగా చెప్పాలి.

మందుల మనిషి:
మాత్రలు ఇంటి కిట్‌లో వద్దండీ. మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి మూడు, మొత్తం 600, బిడ్డ పుట్టాక మింగించాలి. అదీ పొట్ట తడిమి లోపల రెండో బిడ్డ లేదని చూశాకే. నొప్పులు త్వరగా రావాలని ముందే ఇస్తే గర్భసంచి పగలొచ్చు. ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య నర్సు) చేతిలోనే ఉంచండి. స్ట్రిప్ చింపి విడి మాత్రలు పంచొద్దు, తేమకు పనికిరాకుండా పోతాయి.

రక్తం ఆగడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ (10 యూనిట్లు, కండకు) మొదటి ఎంపికే. కానీ 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. మూడు రోజులు కరెంటు లేకపోతే సీసా చూడ్డానికి అలాగే ఉంటుంది, లోపలి మందుకు బలం తగ్గిపోతుంది. ఐస్ బాక్సు ఎవరి బాధ్యతో ముందే తేల్చుకోండి.

పడవల పని:
కిట్ ఆఖరి దారి. అసలు పని జాబితా. ఆశా కార్యకర్త దగ్గర ప్రసవ తేదీలుంటాయి. తొమ్మిదో నెల నిండుతున్నవాళ్లను, ముందు సిజేరియన్ అయినవాళ్లను, కవలలు, బీపీ ఉన్నవాళ్లను హెచ్చరిక రాగానే, నీళ్లు రాకముందే తరలించండి. వరదలో 108 బండి సందుల్లోకి రాదు. పడవ ఎక్కడ ఆగుతుందో, బండి ఎక్కడ నిలబడుతుందో (మీకు ఫ్లైఓవర్ దగ్గరే) ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇవి కనిపిస్తే కిట్ విప్పకుండా పడవ ఎక్కించండి: ఫిట్స్, కళ్లు మసకబారే తలనొప్పి, కాన్పుకు ముందే రక్తం, ముందు చెయ్యో బొడ్డుతాడో బయటికి రావడం. కాన్పయ్యాక అరగంటకూ మాయ పడకపోయినా, ప్యాడ్ ఐదు నిమిషాల్లో తడిసిపోతున్నా అంతే. పడవలో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల్లీబిడ్డ కార్డు ప్లాస్టిక్ కవర్లో వెంట ఉండాలి.

సింగ్‌నగర్ కుర్రాడు:
పది కిట్లే చేస్తాం. మిగిలిన డబ్బుతో ఐస్ బాక్సు, లైఫ్ జాకెట్లు కొంటాం. ఒక్క సందేహం, చేతులు కడగడానికి వరద నీళ్లు వాడొచ్చా?

లేబర్‌రూమ్ సిస్టర్:
వద్దు. డ్రైనేజీ కలిసిన నీళ్లవి. కిట్‌తో పాటు రెండు లీటర్ల మంచినీళ్ల సీసా కట్టేయండి, తాగడానికి కాదని మీద రాసి.