16 ఏళ్ల బిడ్డను తనలాంటి వారి సమావేశానికి పంపవచ్చునా?

ఒక తల్లి, మల్కాజిగిరి:
మా పెద్దబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో వాడి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీ నిండా ఒక ఆడపిల్ల పేరు, సంతకం దిద్దుకుంటున్నట్టుగా, వరుసగా రాసి ఉండడం చూసి, ఎవరినో ఇష్టపడుతున్నాడేమో అనుకున్నాను. అడిగితే చాలాసేపు తలవంచుకుని కూర్చుని, "అది నా పేరేనమ్మా" అన్నాడు. చిన్నప్పటి నుంచీ తనను తాను అమ్మాయిగానే ఎరుగుదునని, ఆ మాట పైకి చెప్పుకోగలిగింది మాత్రం ఆదివారాలు ఒక కౌన్సెలర్ నడిపే చిన్న బృందంలోనేనని చెప్పాడు. మా వారేమో ఆ బృందమే బిడ్డ మనసు చెడగొడుతోందని, వెంటనే మాన్పించాలని పట్టుబడుతున్నారు. మాన్పించడం సరైనదేనా?

ఒక తండ్రి, కూకట్‌పల్లి:
అమ్మా, మీ వారి భయాన్ని తేలికగా తీసుకోకండి. నాకూ ఆ ఈడు కొడుకు ఉన్నాడు. ఆ వయసులో ఇవాళ గట్టిగా నమ్మినది ఏడాది తిరిగేసరికి నిలవకపోవచ్చు. పదిమంది ఔనన్న మాటను తరువాత తానే కాదనుకోవాలంటే పిల్లవాడికి ఎంత కష్టమో ఆలోచించండి. 18 నిండేదాకా ఆగి, ఈలోపు ఒక మంచి సైకియాట్రిస్టుకు చూపించడం మేలు.

ఒక ట్రాన్స్ మహిళ, ముషీరాబాద్:
నాకిప్పుడు 41 ఏళ్లు. మీ బిడ్డ వయసులో నాకు ఏ బృందమూ తెలియదు, నాలాంటివారు మరొకరు ఉంటారనీ తెలియదు, అయినా నేను ఇదే. అక్క పాత చున్నీని పుస్తకాల సంచి అడుగున మడిచి దాచుకునేదాన్ని. అది బయటపడిన రాత్రి నాన్న కొట్టిన దెబ్బల కంటే, మరుసటి రోజు నుంచి ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువగా విరిచింది. 17 ఏళ్లకు ఇల్లు వదిలాను. నన్ను చేరదీసిన జమాత్, అంటే గురువు నీడలో ఒక కుటుంబంలా కలిసి బతికే హిజ్రాల సమూహం, అన్నం పెట్టింది, గురువు తల్లిలా చూసుకుంది, కానీ చదువు అక్కడితో ఆగిపోయింది. నన్ను ఇంటి నుంచి ఎవరూ లాగలేదు, ఇంట్లో చోటు లేక నేనే వెళ్లాను.

పిల్లలు మనసు మార్చుకోవచ్చునని ఆ తండ్రిగారు అన్నది నిజమే. అలా మార్చుకున్నా చిన్నబుచ్చని చోటే మంచి బృందం, కాబట్టి మాన్పించే ముందు వెళ్లి చూడండి: పిల్లలను పెద్దవారితో కలిపి కూర్చోబెడుతున్నారా, ఫొటోలు తీస్తున్నారా, తల్లిదండ్రులు వస్తామంటే తలుపు తెరుస్తారా, "నాకింకా తేలలేదు" అన్న బిడ్డను తొందరపెట్టకుండా వింటారా?

డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్లండి, కానీ "మారుస్తాను" అనే వారి దగ్గరికి వద్దు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, పుట్టినప్పుడు రాసిన లింగంతో మనసు కలవకపోవడాన్ని మానసిక రుగ్మతల జాబితాలో ఉంచలేదు. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్ అలా మార్చే "చికిత్స"ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల 2019 చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలనే పెట్టింది, అంటే బిడ్డ వెంట మీరు నడవాలనే చట్టం కూడా అనుకుంది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరిన ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ఇద్దరూ ట్రాన్స్ మహిళలే. వారి వార్త చదివిన రోజు నేను ఆగిపోయిన నా చదువును తలచుకుని ఏడ్చాను. ఆ అమ్మాయి చదువు ఆగనివ్వకండి.

కూకట్‌పల్లి తండ్రి:
మీరు పడిన బాధకు మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను. బృందాన్ని స్వయంగా చూసి నిర్ణయించుకోమన్న మాటకు ఒప్పుకుంటాను. పేరు మార్పు వంటివి మాత్రం 18 తరువాతే అన్న నా అభిప్రాయం మారలేదు.

మల్కాజిగిరి తల్లి:
నిన్న నేను వెళ్లి కూర్చున్నాను. ఎనిమిది మంది పిల్లలు, నాతో పాటు మరో ఇద్దరు తల్లులు. వారిలో ఒక పాప, తానేమిటో తనకింకా తెలియదని చెబితే ఎవరూ అడ్డురాలేదు. నా బిడ్డ ఇంట్లో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది, రెండుసార్లు నవ్వింది కూడా. మా వారు లోపలికి రాలేదు. గేటు బయట ఎండలో స్కూటర్ మీదే రెండు గంటలు కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బిడ్డ నీళ్ల సీసా అందిస్తే తీసుకుని తాగారు. వచ్చే ఆదివారం ఎన్నింటికి బయలుదేరాలని రాత్రి నన్ను అడిగారు.