అప్‌డేట్: తిరిగి ప్రచురించిన ప్రతులు నా వ్యాసాలను వెనక్కి నెట్టిన సమస్య తీరింది

నా అనుమతితోనే వ్యాసాలను తిరిగి ప్రచురించిన ఒక పెద్ద సైటు గూగుల్‌లో నాకంటే పైన వస్తోందని, శీర్షికను యథాతథంగా టైపు చేసినా నా పేజీ కనిపించడం లేదని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చివరికి పనిచేసింది వాళ్ల ప్రతుల్లో పెట్టిన నోఇండెక్స్ ట్యాగే (ఈ పేజీని శోధన ఫలితాల్లో చూపొద్దని గూగుల్‌కు చెప్పే కోడు). అసలు ప్రతి నాదేనని గూగుల్‌కు చెప్పే కనానికల్ ట్యాగు వాళ్ల పేజీల్లో మొదటినుంచీ ఉంది గానీ, అది సూచనే తప్ప ఆదేశం కాదు. పునఃప్రచురణకు దాన్ని నమ్ముకోవద్దని 2023 నుంచి గూగుల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నోఇండెక్స్ పెట్టాక కూడా ఆ ప్రతులు కదలకపోవడానికి కారణం, వాళ్లు అతిజాగ్రత్తతో రోబోట్స్ ఫైలులోనూ (ఏ పేజీలు తెరవకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైలు) ఆ విభాగాన్ని అడ్డుకోవడం: గూగుల్ బాట్ (పేజీలను చదివే ప్రోగ్రాం) పేజీని తెరవలేనప్పుడు ట్యాగును ఎలా చదువుతుంది? ఆ ఒక్క వరుస తీసేశాక, కొన్ని వారాల్లో నా పేజీలు పైకి వచ్చాయి.

నకలు కంటెంటు పేరుతో గూగుల్ నా సైటుకు శిక్ష వేసిందన్న నా అనుమానం తప్పు. వాక్యాలు మార్చి రాయడానికి వెచ్చించిన రెండు ఆదివారాలూ వృథా.