"శ్రీరఘువర నీ": పల్లవి చివర ఆ "నీ" దేనికి?

ప్రశ్న: త్యాగరాజస్వామి "నగుమోము" పల్లవి "నన్ను బ్రోవరాదా శ్రీరఘువర నీ" అని ముగుస్తుంది కదా, ఆ చివరి "నీ" దేనికి? తాళం నిండక వేసిందా, అచ్చుతప్పా? తీసేసినా అర్థానికి లోటేమీ కనబడట్లేదు.

జవాబు: రెండూ కాదండీ. కాగితం మీద చూడకుండా ఒకసారి పాడుకోండి. "నగుమోము గనలేని నా జాలి తెలిసి నన్ను బ్రోవరాదా శ్రీరఘువర నీ" అన్నాక ఎవరూ ఆగరు, ఆవృత్తం (తాళం ఒక చుట్టు) తిరిగి మళ్ళీ "నగుమోము" ఎత్తుకుంటారు, అప్పుడది "నీ నగుమోము గనలేని" అవుతుంది. మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఎవరి నగుమోమో మనకి తెలీదు, రెండోసారి తెలుస్తుంది. ఇంకో సంగతి (అదే పంక్తిని కొత్త మలుపుతో పాడడం) వేసి మళ్ళీ వచ్చినప్పుడల్లా ఆ "నీ" మీదుగానే రావాలి.

అనుపల్లవి చివర చూడండి, "అటులుండుదురే నీ". చరణం చివర "నన్నేలుకోరా త్యాగరాజనుత నీ". మూడూ పల్లవికే తగులుకుంటాయి. కొన్ని పుస్తకాల్లో అనుపల్లవి, చరణం తర్వాత బ్రాకెట్లో "నగుమోము" అని వేసేది ఇందుకే, పల్లవి దగ్గర మాత్రం వెయ్యరు, చిక్కంతా అక్కడే.

ఈ పని ఆయన బహుదారి రాగంలోని "బ్రోవ భారమా" కృతిలో ఇంకా సొగసుగా చేశారు. పల్లవి చివర "నన్నొకని" (బ్రోవ భారమా), అనుపల్లవి చివర "నన్ను" (బ్రోవ భారమా). చరణంలో అమరుల కోసం, గోపికల కోసం కొండలెత్తలేదా అని నిలదీసి, "కరుణాకర త్యాగరాజుని" అని వదిలేస్తారు. ముద్రకే (పాటలో వాగ్గేయకారుడు వేసుకునే తన పేరుకే) విభక్తి తగిలించి పల్లవిలోకి తోసేశారన్నమాట! చాలా కృతుల్లో ముద్ర "త్యాగరాజనుత" లాంటి సంబోధనగా ఒదిగిపోతుంది. ఇక్కడ అది వాక్యంలో కర్మ, ఎవర్ని బ్రోవాలో చెప్పే మాట. నాకైతే ఆయన సాహిత్యంలో ఇంతకంటే ముచ్చటైన ముగింపు తట్టదు.

ఇంకొకరు: "నా జాలి" అంటే నా మీద జాలి అనేనా? మరి చరణంలో "వగ జూపకు" అంటే ఏడవకు అనా?

జవాబు: రెండూ ఇప్పటి అర్థాలతో చదివితే తేడా కొడతాయండీ. జాలికి దయ అనే కాదు, దుఃఖం, బెంగ అని కూడా అర్థం ఉంది. నీ నవ్వుముఖం చూడలేని నా బెంగ తెలిసి కూడా కాపాడవా అని అడుగుతున్నాడు. తన మీద తనే జాలిపడడం కాదు. ఇక "వగ" అనగానే వగపు గుర్తొస్తుంది గానీ ఇక్కడ దాన్ని పట్టుకోకూడదు, "వగలమారి"లోని వగ ఇది. బెట్టు చెయ్యకు, తాళలేను, నన్నేలుకో అని. దేవుణ్ణి పట్టుకుని ఏడవకు అంటే ఆ వరసలో అతకదు కూడా, అంతకుముందేగా గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని వేగంగా వెళ్ళలేదా, లేక ఆకాశం నుంచి నేలకి బోలెడు దూరం అన్నాడా అని వెటకారం ఆడింది!

మరొకరు: కచేరీల్లో చరణంలోని "ఖగరాజు" (గరుత్మంతుడు) కాస్తా "కగరాజు" అయిపోతోంది, దానికేమంటారు?

జవాబు: గాయకుల్ని తిట్టేముందు లిపి చూడాలి. తమిళంలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, అందుకే అక్కడి సంగీత పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేస్తారు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఇంట్లో మాట తెలుగు, కానీ 1767లో పుట్టింది తిరువారూరులో, 1847లో పోయింది తిరువయ్యారులో. శిష్యుల్లో చాలామంది ఆ చుట్టుపక్కలవాళ్ళే, పాట నిలబడింది వాళ్ళ గొంతుల్లో, వాళ్ళ రాతల్లో. ఒత్తు పోయినచోట సరిచేద్దాం, తప్పు లేదు. కానీ తెలుగువాళ్ళం మనమే "శ్రీరఘువర" దగ్గర ఊపిరి వదిలేసి, "నీ"ని విడిగా అని, కాస్త ఆగి "నగుమోము" మొదలెడుతుంటే, ఆ తమిళ గాయకులు ఎత్తుగడ తెలిసి రెంటినీ ఒకే ఊపిరిలో కలిపి పాడడం నేను చాలాసార్లే విన్నాను.