ఇంటినిండా మనుషులున్నా నాన్నగారికి ఒంటరితనం ఎందుకు?

ప్రశ్న:
టంగుటూరు దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు పొగాకు పండించిన మా నాన్నగారిని, అమ్మ పోయిన తరువాత ఒంగోలులోని మా అపార్ట్‌మెంటుకు తీసుకువచ్చి ఏడు నెలలైంది. ఇంట్లో ఐదుగురం ఉన్నాం, భోజనానికీ మందులకూ లోటు లేదు. అయినా ఆయన పొద్దస్తమానం బాల్కనీలో కూర్చుని గేటు వైపే చూస్తుంటారు. మొన్న వంటగదిలో కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటూ ఆయన రాగానే ఆపితే, "నా ఖర్చు గురించేనా?" అన్నారు. మా లోపం ఎక్కడుంది?

జవాబు (మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు):
అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశారు: మనసుకు దగ్గరైన మనిషి లేని వెలితి ఒకటి, తనను తమలో ఒకడిగా లెక్కించే నలుగురు లేని వెలితి మరొకటి, ఒకదానిని మరొకదానితో పూడ్చలేమని ఆయన వాదన. మీ నాన్నగారికి కొద్ది కాలంలోనే రెండూ పోయాయి, కాబట్టి మీ ఆదరణ చాలకపోవడం మీ తప్పు కాదు. ఇక బిల్లు సంగతి. చాలాకాలం ఒంటరితనంలో ఉన్న మనసు ఎదుటివారి మాటల్లో, మౌనంలో కూడా తిరస్కారాన్నే ముందుగా పసిగడుతుందనీ, ఆ అనుమానంతో మనిషి వెనక్కి తగ్గి మరింత ఒంటరి అవుతాడనీ షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కాసియోపో వివరించారు. అందువల్ల ఆయనతో వాదించకండి. ఆ బిల్లు ఆయన చేతికే ఇచ్చి కట్టి రమ్మనండి. నిద్ర, ఆకలి కూడా తగ్గితే అది కుంగుబాటు కావచ్చు, వైద్యునికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది.

జవాబు (కందుకూరు నుండి ఒక గృహిణి):
మా మామగారిదీ ఇదే కథ. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) కాల్చేటప్పుడు రోజుల తరబడి రాత్రింబవళ్లు వేడి చూసుకుంటూ పక్క బ్యారన్ వాళ్లతో గడిపిన మనిషికి, మేము గంటకోసారి "టీ తాగుతారా?" అని అడగడం మాటల కింద లెక్క కాదని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇప్పుడు పొగాకు వేలం రోజులలో ఆయనను వేలం కేంద్రానికి పంపుతున్నాం. అమ్మేది ఏమీ లేకపోయినా బేళ్ల మధ్య తిరిగి, ఆకు నలిపి వాసన చూసి, రైతులకు అడగని సలహాలు ఇచ్చి వస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ఊరికి తీసుకువెళ్తున్నాను. బిల్లు మాత్రం నిన్ననే ఆయన చేతికిచ్చాం. కట్టి వచ్చి, పోయిన నెలకన్నా యూనిట్లు ఎందుకు పెరిగాయని మమ్మల్నే నిలదీశారు.