తొమ్మిదేళ్ల బాబుకి ఆటిజం. థెరపీ తగ్గించి ఆటలు పెంచొచ్చా?

మల్కాజ్‌గిరి నాన్న: నాలుగు నెలలుగా పొద్దున ఐదున్నరకే మా వాడిని పరుగుకి తీసుకెళ్తున్నా. చేతులు ఆడించడం తగ్గింది. రాత్రి పదింటికల్లా నిద్ర. థెరపీ వారానికి ఐదు రోజుల నుంచి రెండుకి దించి, మిగతా టైం ఆటలకే పెడదామని ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి, వైకల్యం ఉన్నవాళ్లకి కూడా, రోజుకి 60 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

బోయినపల్లి అమ్మ: "సగటున 60" అన్నారండీ. పైగా అది పిల్లలందరి ఆరోగ్యం కోసం చెప్పింది, ఆటిజానికి మందుగా కాదు. వ్యాయామం తర్వాత చేతులు ఆడించడం లాంటివి కాసేపు తగ్గుతాయని పరిశోధనల్లో ఉన్నమాట నిజమే. కానీ చాలావరకు కొద్దిమంది పిల్లల మీద చేసినవే. థెరపీ తగ్గించేముందు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఓసారి అడగండి.

మల్కాజ్‌గిరి నాన్న: సగటున అంటే? ఆదివారం మానేసి సోమవారం రెండు గంటలా?

ఉప్పల్ పీఈటీ: ముందు ఈత నేర్పించండన్నా. ఈ పిల్లలు ఇంట్లోంచి జారుకుంటే నీళ్ల దగ్గరే ప్రమాదం.

నాచారం: మా బడిలో ఆటల పీరియడ్ రాగానే మావాడిని లైబ్రరీలో కూర్చోబెడతారు. మీరు గంటల లెక్కలు వేసుకుంటున్నారు!

ఉప్పల్ పీఈటీ: అలా కుదరదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చూపించండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఆటలు కూడా అందరితో సమానంగా ఉండాలి.

బోయినపల్లి అమ్మ: సగటు సంగతి వదిలేయండి. మా పాపని స్కేటింగ్‌లో చేర్పించాం. విజిల్ వేస్తే చెవులు మూసుకునేది. కోచ్ "మొండిపిల్ల" అన్నాడు. ఇప్పటికీ ఆ బూట్లు బయటికి తీస్తే మంచం కింద దూరుతుంది. అదీ వ్యాయామమేగా!

మల్కాజ్‌గిరి నాన్న: మీ పాప ఒక్కదాన్ని చూసి ఎలా తేలుస్తారు మేడమ్?

బోయినపల్లి అమ్మ: మీ బాబు కూడా ఒక్కడేగా సార్. ఇంతకీ వాడికి పరుగు ఇష్టమేనా? నిద్ర గురించి రాశారు, చేతుల గురించి రాశారు, వాడి మొహం గురించి ఒక్క ముక్క రాయలేదు. అయినా ఐదున్నరకే ఎందుకు?

మల్కాజ్‌గిరి నాన్న: అప్పుడు పార్కులో ఎవరూ ఉండరు కాబట్టి. గంట పరిగెత్తితే ఇంట్లో గెంతడు కాబట్టి. కింది ఫ్లాట్ వాళ్లు అసోసియేషన్ మీటింగ్‌లో రెండుసార్లు కంప్లైంట్ పెట్టారు. ఓనర్ ఖాళీ చేయమంటే ఎక్కడికెళ్లాలి? చాలా?

బోయినపల్లి అమ్మ: అంటే కింది ఫ్లాట్ వాళ్ల కోసం వాడిని అలసగొడుతున్నారు. దానికి థెరపీ ఎందుకు తగ్గించడం?

మల్కాజ్‌గిరి నాన్న: మీది సొంతిల్లు కాబోలు.

నాచారం: అక్కా, కాస్త తగ్గండి. ఆయన పరేషాన్‌లో ఉన్నాడు.

బోయినపల్లి అమ్మ: మాదీ అద్దిల్లే. మూడోది.

మల్కాజ్‌గిరి నాన్న (రెండు రోజుల తర్వాత): నిన్న పరుగు మానేసి మెట్ల దగ్గర వదిలా. నాలుగో అంతస్తు దాకా ఎక్కడం, దిగడం, పదకొండుసార్లు. నవ్వుతూనే ఉన్నాడు. చేతులు కూడా ఆడిస్తూనే ఉన్నాడు. మూడో అంతస్తులో ఎవరో తలుపు తీసి చూశారు.